పుట మారినను చెరగని వ్రాత

గుంటూరు, ప్రకాశం సీమల నల్లరేగడి చేలలో తొలకరి పదును చూచుకొని పత్తి గింజ నాటుటకును, మిరప నారు పోసికొనుటకును రైతు సన్నద్ధుడగు దినములలోనే, పొలముతో సంబంధము లేనట్లు కనబడు మరియొక పని ఆతనికి తగులుకొనుచున్నది. పంట నమోదు కావలెను. బీమా జాబితాలో పేరుండవలెను. సొంత భూమి లేక కౌలుకు చేయువాడైనచో సాగు హక్కు పత్రము చేతనుండవలెను. పత్తి తీతలు ముగిసి సరకును భారత పత్తి సంస్థ (సీసీఐ) వారికి మద్దతు ధరకు అమ్మదలచినచో, 2025 పంటకాలమునుండి ‘కపాస్ కిసాన్’ యాప్‌లో పేరు నమోదు చేయించుకొని, ఏనాడు ఏ కొనుగోలు కేంద్రమునకు సరకు తోలవలయునో ఆ స్లాటును ముందుగానే కుదుర్చుకొనవలెను. వీనిలో కొన్నింటిని రైతు తన ఫోనులో తానే నింపుకొనును. కొన్నింటిని గ్రామ సచివాలయ సిబ్బందియో, రైతు సేవా కేంద్రమునందలి సహాయకులో, మీసేవ నడుపువారో ఆతని పక్షమున నింపుదురు. ఎవరు నింపినను నింపవలసినది తెరమీద కనబడు దరఖాస్తు ఫారమే.

ఇట్టి ఫారము సాధారణముగా ఒక్క పుటలో ఇమడదు. మొదటి పుటలో ఆధార్ సంఖ్యయు ఫోను నంబరును, రెండవదానిలో గ్రామము, సర్వే నంబరు, విస్తీర్ణము, భూమి సొంతమా కౌలా యను వివరము, మూడవదానిలో పంట, రకము, విత్తిన తేదీ, నీటి వసతి, తరువాత బ్యాంకు ఖాతా, ఆ పిమ్మట పాసు పుస్తకపు ఫొటో, కట్టకడపట ఫోనుకు వచ్చు ఓటీపీ: ఈ వరుస ఫారమునకు ఫారమునకు కొంత మారవచ్చును గాని, పుట వెంట పుట తిప్పుచు పోవు పద్ధతి మాత్రము మారదు. అంతయు సక్రమముగా సాగినంతకాలము ఎవరికిని ఏ సందేహమును కలుగదు. కాని ఐదవ పుట వరకు వచ్చినవాడు, విస్తీర్ణమున సెంట్లు తప్పుపడినవని గుర్తించి వెనుకకు పోవు బాణమును నొక్కగా, గడులన్నియు ఖాళీగా ప్రత్యక్షమైనప్పుడు, కీబోర్డు ముందున్న కుర్రవాడు “బాబాయ్, మళ్ళీ మొదటికొచ్చింది, ఆ పుస్తకం ఇంకోసారి ఇటియ్యి” అని చేయి చాచుటయు, బల్లకీవల నిలుచున్న పెద్దాయన “ఇందాకేగదరా అబ్బాయ్ చెప్పింది, మళ్ళా ఏంది?” అని అడుగుటయు జరుగుచుండును. ఆ పెద్దాయన ప్రశ్న మిక్కిలి న్యాయమైనది. ఇందాక చెప్పినది ఎక్కడికి పోయినది?

కాగితపు దరఖాస్తు విషయమున ఈ ప్రశ్న పుట్టుటకే తావు లేకుండెను. కరణాల కాలమునందును, 1984లో ఆ పదవులు రద్దయిన తరువాతను, సగము వ్రాసిన కాగితమును మడిచి పెట్టెలో దాచి, తక్కిన వివరములు కనుగొని నాలుగు దినముల తరువాత తీసినను, వ్రాసిన అక్షరము వ్రాసినచోటనే ఉండెను. ఏలయనగా కాగితమున వ్రాయు స్థలమును, వ్రాత నిలుచు స్థలమును ఒక్కటియే. తెరమీది ఫారము చూపునకు కాగితమును పోలియున్నను దాని ప్రకృతి వేరు. మనము గడిలో టైపు చేసిన సర్వే నంబరు ‘తరువాత’ యను మీట నొక్కువరకు మన ఎదుటనున్న కంప్యూటరు యొక్క క్షణిక స్మృతిలో మాత్రమే ఉండును. దూరముననున్న సర్వరునకు దాని సంగతియే తెలియదు. మీట నొక్కిన పిమ్మట ఆ వివరము సర్వరునకు చేరును గాని, సర్వరు బదులుగా మరియొక పుటను పంపి, అంతటితో ఆ మనిషి ఎవరో, ఏమి చెప్పెనో మరచిపోవును. ఎవరును ఏర్పాటు చేయకుండ ఏ స్మృతియు నిలువదనుట వెబ్ యొక్క మూలధర్మము.

ఈ మరపు యాదృచ్ఛికముగా వచ్చిపడినది కాదు. 1989లో జెనీవా సమీపమునందలి సెర్న్ అను భౌతికశాస్త్ర పరిశోధనాలయమున టిమ్ బెర్నర్స్-లీ ప్రతిపాదించి, 1991 నాటికి లోకమునకు తెలియజేసిన వెబ్ నందు, పుటను అడుగుటకును ఇచ్చుటకును నిర్ణయించిన హెచ్‌టీటీపీ నియమావళి మొదట ఎంత క్లుప్తముగా ఉండెననగా, అడుగువాడు ఒక్క పంక్తిలో తనకు కావలసిన పుట పేరు చెప్పును, సర్వరు ఆ పుటను పంపి సంబంధమును తెంచివేయును, అంతటితో వ్యవహారము సమాప్తము. అడిగినవాడెవడో, అంతకుముందు ఏమి అడిగెనో తెలిసికొనవలసిన అవసరము సర్వరునకు లేదు. ఒక దేశపు కంప్యూటరులోని వ్యాసము నుండి మరియొక దేశపు కంప్యూటరులోని పట్టికకు చదువరి ఒక్క నొక్కుతో పోవు వ్యవస్థలో, దారిలోని ప్రతి సర్వరును ప్రతి చదువరిని జ్ఞాపకముంచుకొనవలసివచ్చినచో, ఆ భారమునకే వ్యవస్థ కుంగిపోయెడిది. మరచు సర్వరు ఒకేసారి వేలమందికి సేవ చేయగలదు. ఒకటి చెడిపోయినచో దాని స్థానమున మరియొకటి నిలిచి, పూర్వాపరములు తెలియకయే పని కొనసాగించగలదు. వెబ్ నియమావళుల రచనలో పాలుపంచుకొనిన రాయ్ ఫీల్డింగ్ 2000 సంవత్సరమున కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు సమర్పించిన సిద్ధాంత గ్రంథమున, ఈ స్మృతిరాహిత్యమును మంచి వ్యవస్థకుండవలసిన నిబంధనలలో ఒకటిగా విశదీకరించెను. కావున సర్వరు మరచుట దోషము కాదు; దానిపై ఫారము కట్టినవాడు, అది మరచునని ఎరిగియు, రైతు చెప్పిన మాటను భద్రపరచు ఏర్పాటు చేయకుండుటయే దోషము. రైతు చెప్పినదే రెండుసార్లు చెప్పవలసివచ్చుట యంత్రస్వభావము వలన కాదు, మానవుని అశ్రద్ధ వలననే యని నా నిశ్చితాభిప్రాయము.

స్మృతిని ఎక్కడ ఉంచవలెనను ప్రశ్నకు తొలినాళ్ళలో దొరకిన సమాధానము, పుటలోనే ఉంచుట. 1995 నవంబరులో వెలువడిన హెచ్‌టీఎంఎల్ 2.0 ప్రమాణమునందే ఫారమున కంటికి కనబడని గడులకు చోటు కలదు. మొదటి పుటనుండి వచ్చిన ఆధార్ సంఖ్యను సర్వరు తాను దాచుకొనక, రెండవ పుటను పంపునప్పుడు దానిలో కనబడని గడిలో వ్రాసి పంపును; రెండవ పుట తిరిగి వచ్చునప్పుడు ఆ సంఖ్యయు దానితో వచ్చును; మూడవ పుటలో రెండు పుటల వివరములును దాగియుండును. ఈ విధముగా మోత పుటపుటకును పెరుగుచు పోవును. సర్వరు మరచినను నష్టము లేకపోవుట దీనిలోని గుణము. నడుమ కిటికీ మూసినను, కరెంటు పోయినను సర్వస్వమును పోవుట మొదటి దోషము. రెండవది అంతకంటె గురుతరము: కనబడని గడి కంటికి కనబడకున్నను, బ్రౌజరులోని పరికరములు తెలిసినవాడు దానిని తెరచి, 2 ఎకరములను 20గా దిద్ది పంపగలడు. ఒకసారి పరీక్షించితిమి గదా యని సర్వరు దానిని మరల పరీక్షింపక నమ్మినచో, లేని భూమికి పంట నమోదగును. ఇంతకంటె అపాయకరమైన పద్ధతి, ఈ వివరములను వెబ్ చిరునామా చివర తగిలించి పంపుట. చిరునామా బ్రౌజరు చరిత్రలోను సర్వరు చిట్టాలలోను నమోదగును గనుక, రైతు ఆధార్ సంఖ్య అతనికి తెలియని చోట్లన్నిట పడియుండును.

రెండవ మార్గమును 1994లో నెట్‌స్కేప్ సంస్థలో పనిచేయుచున్న లూ మాంటుల్లి కనిపెట్టెను. ఎంసీఐ అను టెలిఫోను కంపెనీ కొరకు ఆ సంస్థ ఒక అంగడిని వెబ్‌లో నిర్మింపబూనినప్పుడు, కొనుగోలుదారు సగములో ఆపిన బేరముల వివరములను తమ సర్వర్లలో మోయుట ఎంసీఐ వారికి ఇష్టము లేకపోయెను. అందుచే మాంటుల్లి, సర్వరు ఒక చిన్న చీటీని బ్రౌజరు చేతికిచ్చుటయు, ఆ బ్రౌజరు మరల అదే సర్వరు వద్దకు వచ్చునప్పుడెల్ల అడుగకయే ఆ చీటీని చూపుటయు అను ఏర్పాటు చేసెను. దానికే కుకీ యని పేరు. ఒక్కొక్క కుకీకి బ్రౌజర్లు ఇచ్చు స్థలము సుమారు 4096 బైట్లు మాత్రమే. ఒక పాసు పుస్తకపు ఫొటో దానిలో పట్టదు, పట్టినను పెట్టరాదు. కావున కుకీలో వివరములనే నింపుట మాని, ఒక సంఖ్యను మాత్రము ఉంచి, వివరములను ఆ సంఖ్య పేర సర్వరునొద్ద దాచు ఆచారము స్థిరపడెను. దీనిని సెషను అందురు.

గుంటూరు మిరపరైతునకు ఇది కొత్త ఏర్పాటు కాదు. యార్డులో ధర పడిపోయినప్పుడు ఆతడు తన తేజ రకపు టిక్కీలను వెనుకకు తోలుకొనిపోడు. కోల్డు స్టోరేజిలో దించి, లాటు నంబరు వేసిన రసీదును మాత్రము జేబులో పెట్టుకొని ఇంటికి పోవును. సరకు లోపల చలువలో ఉండును, రసీదు ఆతని చేత ఉండును, నంబరు ఆ రెంటిని కలుపును. సెషను సంఖ్యయు ఆ రసీదు వంటిదే. కాని గిడ్డంగి గుమాస్తా రైతు ముఖమును గుర్తుపట్టగలడు, సర్వరు గుర్తుపట్టలేదు. సంఖ్య ఎవని చేతనున్న వాడే దానికి యజమాని. కావుననే ఆ సంఖ్యలు 1001, 1002 అను వరుసలో ఉండరాదు. ఉన్నచో తన సంఖ్యకు ఒకటి కలిపి చూచినవాడు పొరుగువాని దరఖాస్తును తెరువగలడు. మంచి వ్యవస్థలలో 128 బిట్ల యాదృచ్ఛిక సంఖ్యను వాడుదురు. అట్టి సంఖ్యలలో పెద్దదానిని దశాంశములలో వ్రాసినచో 39 అంకెలు పట్టును గనుక ఊహించి పట్టుకొనుట అసాధ్యము.

సెషను పద్ధతి నేటికిని బహుళముగా వాడుకలోనున్నది, అందు సందేహము లేదు. అయినను మన పల్లెలలో దరఖాస్తులు నింపు తీరును దగ్గరనుండి చూచినచో, దీనిని యథాతథముగా నమ్ముకొనరాదని తెలియును. మొదటి చిక్కు గడువు. ఎవరో తెరచి విడిచిపోయిన సెషన్లను సర్వరు ఎల్లకాలము మోయజాలదు. బహుళప్రచారముననున్న పీహెచ్‌పీ భాషలో, ఎవరును మార్చనిచో, 1440 సెకన్లు, అనగా 24 నిమిషములు కదలిక లేని సెషను తుడిచివేతకు అర్హమగును. ఈ 24 నిమిషములు కార్యాలయమున కుర్చీలో కూర్చుండి కాగితములన్నియు ఎదుట పరచుకొన్న వానికి చాలును. రైతు సంగతి అట్లు కాదు. బ్యాంకు పుస్తకము ఇంటిలో మరచి వచ్చినవాడు పోయి తెచ్చుటకే గంట పట్టును. ఓటీపీ పోవు ఫోను హైదరాబాదులో చదువుకొనుచున్న కుమారుని చేతనుండును, ఆతడు తరగతిలో ఉండును. కౌలురైతునకు భూయజమాని సమ్మతి కావలసివచ్చినచో ఆయన నరసరావుపేటలోనో ఒంగోలులోనో ఉండును. ఇంతలో సెషను గతించును. ఈ గడువు నిర్ణయించినవాడు చెడ్డవాడు కాడు. రైతు దినచర్యను చూచి నిర్ణయించినవాడు కాడు, అంతే.

రెండవ చిక్కు మరింత సూక్ష్మమైనది. బ్రౌజరులో ఎన్ని ట్యాబులు తెరచినను కుకీ ఒక్కటియే. ఇద్దరన్నదమ్ములు ఒకేసారి కేంద్రమునకు వచ్చిరనుకొందము. అన్న దరఖాస్తు మొదటి ట్యాబులో నడుచుచుండగా ఓటీపీ ఆలస్యమగుచున్నదని, నింపువాడు కాలము వృథా కానీయక రెండవ ట్యాబు తెరచి తమ్ముని దరఖాస్తు మొదలుపెట్టును. రెండు ట్యాబులును ఒకే సంఖ్యను చూపును గనుక, ‘సర్వే నంబరు’ అను పేర సర్వరు దాచినది ఒకే గడి. తమ్ముని నంబరు వచ్చి అన్న నంబరును కప్పివేయును. అప్పుడు మొదటి ట్యాబునకు మరలివచ్చి అన్న దరఖాస్తును ముగించినచో, అన్న పేర తమ్ముని చెక్క నమోదగును. తెరమీద ఏ ఎర్రగీతయు కనబడదు. అన్నకు అన్యాయము జరిగినట్లు పంట దెబ్బతిని, పరిహారపు జాబితా గోడకెక్కిన నాడు గాని తెలియదు. దీనికి చికిత్స సులభమే: ప్రతి దరఖాస్తునకును దానికే చెందిన సంఖ్య నొకదానిని మొదటి పుటలోనే కేటాయించి, ఆ సంఖ్యను ప్రతి పుటతోను పంపి, వివరములను సెషను పేర గాక దరఖాస్తు సంఖ్య పేర దాచుట. సులభమైనదే అయినను, ఫారమును తన బల్లమీద ఒక్క ట్యాబులో పరీక్షించిన నిర్మాతకు దీని ఆవశ్యకత తోచదు.

ఇటీవలి బ్రౌజర్లు మూడవ స్థానమును గూడ చూపుచున్నవి. కుకీకంటె విశాలమైన నిల్వలు బ్రౌజరునందే రెండు కలవు: ఒకటి ట్యాబు మూసినతోడనే అంతరించునది, రెండవది తుడుచువరకు నిలుచునది. సామాన్యముగా ఒక్కొక్క వెబ్‌సైటునకు వీనిలో 5 మెగాబైట్ల మేర చోటు దొరకును. సిగ్నలు అందని చేలగట్టున ఫోనులో ఫారము నింపుకొను రైతునకు ఇది మేలైన సాధనము. నెట్ తెగిపోయినను టైపు చేసినది ఫోనులోనే ఉండి, సిగ్నలు వచ్చినప్పుడు సర్వరునకు చేరును. కాని అదే సాధనమును పదిమంది వాడు కేంద్రపు కంప్యూటరులో వాడినచో గుణము దోషమగును. ముందు వచ్చినవాని బ్యాంకు ఖాతా సంఖ్య, వెనుక వచ్చినవాని ఫారములో ముందే నింపబడి కనబడును. తొందరలోనున్న నింపువాడు దానిని గమనింపక ‘తరువాత’ నొక్కినచో సొమ్ము ఎవరిదో, ఖాతా ఎవరిదో! సొంత ఫోనును, ఉమ్మడి కంప్యూటరును ఒకే నియమముతో చూడరాదను వివేకము ఇక్కడ కావలెను.

ఇన్ని మార్గములను తూచి చూడగా, మన సీమ అవసరములకు మిక్కిలి అనుకూలమైనది చిత్తుప్రతి పద్ధతియని నాకు తోచుచున్నది. రైతు మొదటి పుట ముగించినతోడనే ఆతని ఫోనుకు దరఖాస్తు సంఖ్య నొకదానిని పంపి, ప్రతి పుటలోని వివరములను ఆ పుట ముగిసినతోడనే సర్వరు యొక్క శాశ్వత నిల్వలో, ఇది ఇంకను అసంపూర్ణమను గుర్తుతో భద్రపరచవలెను. అప్పుడు రైతు ఇంటికి పోయి పుస్తకము తెచ్చుకొనవచ్చును. మరునాడు మరియొక కేంద్రమునకు పోయినను, ఫోనుకు వచ్చు ఓటీపీతో తాను ఎవరో నిరూపించుకొని విడిచినచోటనే మొదలుపెట్టవచ్చును. సెషనుకు గడువు తీరవచ్చును, తీరవలెను గూడ. బల్లమీద తెరచి విడిచిన తెరను దారినపోవువాడు చూడకుండుటకు అది రక్ష. సెషను గతించినంతమాత్రమున చిత్తుప్రతి గతింపకుండుటయే ఇక్కడి కీలకము. ఆతడెవరో మరల నిరూపించుకొమ్మని అడుగుట న్యాయము. ఆతడు చెప్పినదంతయు మరల చెప్పుమనుట న్యాయము కాదు.

తప్పులు చూపు తీరును గూడ ఈ సందర్భముననే చెప్పవలెను. సర్వే నంబరు గడిలో 114/2 అని వ్రాయగా, ఆ గడి అంకెలను మాత్రమే అంగీకరించునట్లు కట్టబడియుండి, ఏటవాలు గీతను చూచి తిరస్కరించినదనుకొందము. మంచి ఫారము తక్కిన గడులను ఉన్నవున్నట్లు ఉంచి, తప్పని తాను భావించిన 114/2ను గూడ చెరపక, దాని ప్రక్కన కారణమును తెలుగులో వ్రాసి చూపును. చెడ్డ ఫారము పుటనంతను తుడిచి ఖాళీ గడులను ఎదుట నిలుపును. రెంటికిని నడుమ నిర్మాత వ్రాయవలసిన పంక్తులు కొద్దియే. కాని అవి లేనిచోట వరుసలో వెనుక నిలిచినవారందరి కాలము హరించుకుపోవుచున్నది.

కట్టకడపటి మీట విషయమున ఇంకొక జాగరూకత వలయును. ‘సమర్పించుము’ నొక్కిన పిమ్మట తెర కదలకున్నచో మరల నొక్కుట మానవసహజము. సమర్పించిన పుటను తాజాపరచినను బ్రౌజరు ఆ వివరములనే మరల పంపబోవును. ఈ విధముగా ఒక్క రైతు పేర రెండు దరఖాస్తులు చేరి, ఒకటి రెండవదానిని నకిలీ యనుచు రెండును నిలిచిపోవు ప్రమాదము కలదు. హెచ్‌టీటీపీ 1.1 నియమావళిలోనే దీనికి తగిన ఉపాయము కలదు: సర్వరు వివరములను స్వీకరించి, జవాబుగా పుటను పంపక, 303 అను సంకేతముతో “రసీదు పుట ఫలానా చోటనున్నది, పోయి చూచుకొనుము” అని బ్రౌజరును మళ్ళించును. అటుపిమ్మట ఎన్నిసార్లు తాజాపరచినను రసీదు మాత్రమే మరల కనబడును. దీనికి తోడు దరఖాస్తు సంఖ్య ఒక్కటియే యగుటచే, రెండవసారి వచ్చినదానిని సర్వరు సులభముగా గుర్తించి విడువగలదు.

ఈ మాటలు ఒక్క రచయిత చాదస్తము గాక, వెబ్ ప్రమాణములను నిర్ణయించు వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం వారు గ్రంథస్థము చేసిన నియమములలో గూడ కలవు. అందరికి అందుబాటునకై వారు 2018లో వెలువరించిన మార్గదర్శకముల 2.1 సంపుటిలో, కదలిక లేనందున వివరములు పోవు గడువున్నచో ఆ గడువెంతయో ముందే తెలుపవలెననియు, వివరములను 20 గంటలకు మించి నిలుపుచున్నచో ఆ హెచ్చరిక అవసరము లేదనియు ఉత్తమశ్రేణి నియమముగా వ్రాసిరి. 2023 అక్టోబరులో వచ్చిన 2.2 సంపుటిలో మరియొక అడుగు ముందుకు వేసి, ఒకే వ్యవహారములో ఒకసారి ఇచ్చిన వివరమును మరల టైపు చేయుమని అడుగరాదనియు, అది తానే నింపబడవలెను లేదా ఎన్నుకొనుటకు ఎదుట ఉండవలెననియు, భద్రత కొరకు అడుగుట వంటి కొన్ని సందర్భములు మాత్రమే దీనికి మినహాయింపనియు, కనీసశ్రేణి నియమముగానే విధించిరి. జ్ఞాపకశక్తి తగ్గిన వృద్ధులను, టైపు చేయుట కష్టమగు వికలాంగులను ఉద్దేశించి వ్రాసిన ఈ నియమము, కళ్ళజోడు ఇంటిలో మరచి పాసు పుస్తకమును దూరముగా పట్టుకొని చదువుచున్న మన రైతునకును అక్షరాల వర్తించును. ఈ-సేవ వచ్చినది 2001లో, మీసేవ వచ్చినది 2011లో, గ్రామ సచివాలయములు మొదలైనది 2019లో. ప్రభుత్వసేవలను తెరమీదికి తెచ్చుటలో ఇంత ముందున్న తెలుగునాట, ప్రతి కొత్త ఫారమునకును ఈ ఒక్క నియమమును టెండరు పత్రములోనే షరతుగా వ్రాయుట అసాధ్యము కాదు.

స్మృతిని నిలుపువాడు దానిని తుడుచు సమయమును గూడ నిర్ణయింపవలెను. అసంపూర్ణముగా విడిచిన చిత్తుప్రతిలో ఆధార్ సంఖ్య, ఖాతా, భూమి వివరములు అన్నియు ఉండును. ఉద్దేశించిన పని తీరిన పిమ్మట వ్యక్తిగత వివరములను తుడిచివేయవలెనని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము సామాన్యనియమముగా చెప్పుచున్నది. ఆ సూత్రము ననుసరించి ఖరీఫ్ నమోదునకు మొదలుపెట్టి ముగింపక విడిచిన చిత్తుప్రతి, ఆ నమోదు గడువు ముగియువరకు నిలిచి, ముగియుటకు ముందు రైతు ఫోనుకు తెలుగులో ఒక సందేశము పోయి, గడువు తీరిన పిమ్మట తుడువబడవలెను. ఉమ్మడి కంప్యూటరు బ్రౌజరులో మాత్రము ఏ వివరమును ఆ రైతు బల్ల వదలి పోవువరకు గూడ మిగులనీయరాదు.